హెవీవెయిట్ చాంపియన్ల మీద క్విజ్ ప్రశ్న: గొడవ రాకుండా రాసుకోవడం ఎలా

నేను హైస్కూల్లో పీఈటీని. ఏటా ఆటల పోటీల చివరి రోజు పిల్లలకీ స్టాఫ్‌కీ కలిపి స్పోర్ట్స్ క్విజ్ పెట్టడం నా పని. అందులో నాకు ఇష్టమైనది బాక్సింగ్ రౌండ్. ఒలింపిక్ పతకం ఉండి, ప్రొఫెషనల్‌గా ప్రపంచ హెవీవెయిట్ చాంపియన్ కూడా అయినవాళ్ల మీద ప్రశ్నలు అడుగుతాను. ఈ రౌండ్‌లోనే ఒకసారి మైకు చేతిలో ఉండగా పరువు పోయింది.

ఆ రోజు అడిగింది ఇది: "1959లో ఫ్లాయిడ్ ప్యాటర్సన్‌ని ఓడించి చాంపియన్ అయిన స్వీడన్ బాక్సర్ ఇంగెమార్ జొహాన్సన్‌కి ఒలింపిక్ పతకం ఉందా, లేదా?" నా కాగితం మీద జవాబు "లేదు". ఎప్పుడో కొన్న పాత జీకే పుస్తకంలో చూసి రాసుకున్నది. వెనక వరసలోంచి మా లెక్కల మాస్టారు లేచి, "ఉంది సార్, రజతం" అన్నారు. ఫోన్లో చూస్తే ఆయనదే రైటు. పిల్లలు బెంచీలు చరిచారు. సమోసాల ప్లేటు ఆయన టీముకి పోయింది.

ఇంటికెళ్లి మొత్తం చదివాను. 1952 హెల్సింకీ ఒలింపిక్స్ హెవీవెయిట్ ఫైనల్లో అమెరికా బాక్సర్ ఎడ్ శాండర్స్ ఎదుట జొహాన్సన్ దెబ్బ వెయ్యకుండా చుట్టూ తిరుగుతూ ఉండిపోయాడని రెండో రౌండ్లో రిఫరీ అనర్హుణ్ని చేశాడు. రజతం కూడా ఇవ్వలేదు. ఆ శాండర్స్ రెండేళ్లకే, ఒక ప్రొఫెషనల్ పోటీలో పడిపోయి, 24 ఏళ్లకే చనిపోయాడు. పిరికివాడన్న ముద్ర పడ్డ జొహాన్సన్ మాత్రం 1959 జూన్ 26న న్యూయార్క్ యాంకీ స్టేడియంలో మూడో రౌండ్లో ప్యాటర్సన్‌ని ఏడుసార్లు కింద పడేశాడు. ఆపేసిన రజతం ఆయన చేతికి వచ్చింది 1982లో. అంటే ఆయన పతకం గెలిచి చాంపియన్ అయినవాడు కాదు, చాంపియన్ అయిన 23 ఏళ్లకు పతకం అందుకున్నవాడు. నా జీకే పుస్తకాన్ని తిట్టడానికీ లేదు, అది అచ్చయినప్పుడు ఆ జవాబు సరైనదే అయ్యుండొచ్చు.

అప్పట్నుంచీ ఈ టాపిక్‌కి ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టాను. మీరూ పెట్టుకోండి. పేజీని అడ్డంగా తిప్పి నాలుగు గడులు గియ్యండి: ఒలింపిక్స్‌లో బరువు, పతకం, బెల్టు (అంటే ప్రొఫెషనల్ ప్రపంచ టైటిల్), గొడవ. నాలుగో గడి వెడల్పుగా ఉండాలి.

బరువు గడిలో పేరు రాయకండి, కిలోలు రాయండి. "హెవీవెయిట్" అన్న మాట మోసం చేస్తుంది. 1980 దాకా ఒలింపిక్స్‌లో 81 కిలోలు దాటిన ప్రతివాడూ హెవీవెయిట్. 1984 నుంచి టోక్యో 2020 దాకా 81-91 మధ్య ఉన్నవాళ్లు హెవీవెయిట్, ఆపైన సూపర్ హెవీవెయిట్. ఇక ప్రొఫెషనల్ చాంపియన్లు ఒలింపిక్స్‌లో హెవీవెయిట్‌గానే ఆడి ఉండాలని రూలేం లేదు. ప్యాటర్సన్ హెల్సింకీలో 75 కిలోల స్వర్ణం గెలిచాడు. కాసియస్ క్లే, అంటే తర్వాతి ముహమ్మద్ అలీ, 1960 రోమ్‌లో 81 కిలోల స్వర్ణం. 1976 మాంట్రియల్‌లో స్పింక్స్ అన్నదమ్ములు ఇద్దరూ స్వర్ణాలు పట్టుకెళ్లారు, లియోన్ 81 కిలోల్లో, మైఖేల్ 75లో. లియోన్ తన ఎనిమిదో ప్రొఫెషనల్ ఫైట్‌లోనే, 1978 ఫిబ్రవరిలో, అప్పటి చాంపియన్ అలీని ఓడించాడు. మైఖేల్ 1985లో అప్పటి చాంపియన్ లారీ హోమ్స్‌ని ఓడించాడు. "ఒలింపిక్ హెవీవెయిట్ స్వర్ణ విజేతల్లో చాంపియన్లు ఎవరు" అని అడిగారనుకోండి, అలీ జవాబు కాడు. అలీ పేరు రాసిన పిల్లాడికి సున్నా వేస్తే వాళ్ల నాన్న స్కూలుకి వస్తాడు.

పతకం గడిలో రంగు రాసి ఊరుకోవద్దు, ఎవరి మీద గెలిచాడో, ఎవరి చేతిలో ఓడాడో కూడా రాయాలి. సగం ప్రశ్నలు అక్కడే దొరుకుతాయి. జో ఫ్రేజర్ 1964 టోక్యోకి వెళ్లిందే, ఎంపిక పోటీల్లో తనని ఓడించిన బస్టర్ మాథిస్ చేతికి దెబ్బ తగలబట్టి. సెమీస్‌లో ఎడమ చేతి బొటనవేలు విరిగినా ఎవరికీ చెప్పకుండా ఫైనల్ ఆడి, జర్మనీకి చెందిన హాన్స్ హూబర్ మీద 3-2తో గెలిచాడు. ఏడేళ్ల తర్వాత మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో పదిహేనో రౌండ్లో అలీని నేలకి దించిన హుక్ (పక్కనుంచి విసిరే గుద్దు) ఆ ఎడమ చేతిదే.

గొడవ గడి నింపేటప్పుడు అమెరికా బాక్సర్ ఇవాండర్ హోలీఫీల్డ్ పేజీకి మాత్రం వీడియో చూడకుండా పెన్ను పట్టకండి. 1984 లాస్ ఏంజెలెస్, 81 కిలోల సెమీఫైనల్, రెండో రౌండ్. హోలీఫీల్డ్, న్యూజీలండ్ బాక్సర్ కెవిన్ బ్యారీ దగ్గరగా చేరిపోయి ఉన్నారు. రిఫరీ ఆపమనడం, హోలీఫీల్డ్ ఎడమ చెయ్యి వెళ్లడం, బ్యారీ కూలబడటం దాదాపు ఒక్క క్షణంలో జరిగిపోతాయి. నేను అక్కడ పదిసార్లైనా వెనక్కి తిప్పి చూశాను. ఆపమన్నాక కొట్టాడని హోలీఫీల్డ్‌ని తప్పించారు. తలకి దెబ్బ తగిలి పడిపోయిన బ్యారీని నిబంధన ప్రకారం ఫైనల్ ఆడనివ్వలేదు. దాంతో యుగోస్లావియా కుర్రాడు ఆంటన్ యోసిపోవిచ్‌కి ఫైనల్ ఆడకుండానే స్వర్ణం వచ్చింది. పతకాలిచ్చేటప్పుడు అతను హోలీఫీల్డ్‌ని చెయ్యి పట్టుకుని పైమెట్టు మీదకి లాక్కున్నాడు. కాంస్యంతో ఇంటికెళ్లిన హోలీఫీల్డ్ 1990లో అప్పటి చాంపియన్ బస్టర్ డగ్లస్‌ని మూడో రౌండ్లో నాకౌట్ చేసి తిరుగులేని చాంపియన్ అయ్యాడు. ఈ ఒక్క పేజీతో ఐదు ప్రశ్నలు రాయొచ్చు.

ఇక బెల్టు గడి, పెద్ద తలనొప్పి. డబ్ల్యూబీఏ, డబ్ల్యూబీసీ, ఐబీఎఫ్, డబ్ల్యూబీవో అని నాలుగు సంస్థలు, ఒకేసారి ముగ్గురు నలుగురు "ప్రపంచ చాంపియన్లు" ఉంటారు. 2004 ఏథెన్స్ స్వర్ణ విజేత పోవెట్కిన్‌కి 2011లో డబ్ల్యూబీఏ బెల్టు ఉంది, కానీ అదే సంస్థ "సూపర్" చాంపియన్ అని వ్లాదిమిర్ క్లిచ్కోని పెట్టుకుంది. అందుకే "ఎంతమంది?" అనే ప్రశ్న ఎప్పుడూ అడగొద్దు. ఏ బెల్టు, ఏ సంవత్సరం, ఎవరి మీద అన్నది ప్రశ్నలోనే పెట్టేయండి.

నాకు బాగా పేలిన ప్రశ్న ఇదే గడిలోంచి వచ్చింది: "1988 సోల్ సూపర్ హెవీవెయిట్ ఫైనల్లో తలపడ్డ ఇద్దరూ తర్వాత ప్రపంచ చాంపియన్లయ్యారు. ఎవరు?" కెనడా తరఫున ఆడిన లెనాక్స్ లూయిస్, అమెరికా రిడిక్ బో. రెండో రౌండ్లో లూయిస్ గెలిచాడు. 1992లో బో చాంపియన్ అయ్యాక లూయిస్‌తో ఆడమంటే, ఆడకుండా డబ్ల్యూబీసీ బెల్టుని లండన్‌లో కెమెరాల ముందు చెత్తబుట్టలో పడేశాడు. ఆ బెల్టు లూయిస్‌కి దక్కింది. ప్రొఫెషనల్ రింగులో వాళ్లిద్దరూ ఒక్కసారీ తలపడలేదు.

తప్పు ఆప్షన్లకు టైసన్‌ని మించినవాడు లేడు. సగం మంది అతనికి స్వర్ణం ఉందనుకుంటారు. అసలు ఒలింపిక్స్‌కే వెళ్లలేదు, 1984లో అమెరికా జట్టు ఎంపిక పోటీల్లో హెన్రీ టిల్మన్ చేతిలో ఓడాడు. ఆ టిల్మన్ స్వర్ణం తెచ్చాడు కానీ చాంపియన్ కాలేదు, 1990లో టైసన్ అతన్ని మొదటి రౌండ్లోనే పడేశాడు. టియోఫిలో స్టీవెన్సన్‌ని కూడా ఆప్షన్‌గా వాడండి. క్యూబాకి మూడు స్వర్ణాలు తెచ్చి, ప్రొఫెషనల్‌గా ఒక్క ఫైట్ కూడా ఆడలేదు.

పిల్లలకైతే బీజింగ్ 2008తో మొదలుపెడతాను, విజేందర్ పేరు వినగానే నిటారుగా కూర్చుంటారు. మన విజేందర్‌కి 75 కిలోల్లో కాంస్యం, అదే చోట 91 కిలోల్లో, తర్వాత ప్రపంచ చాంపియన్ అయిన అమెరికా బాక్సర్ డియోంటే వైల్డర్‌కి కాంస్యం. వైల్డర్‌ని సెమీస్‌లో ఓడించింది ఇటలీ బాక్సర్ క్లెమెంటె రుస్సో. ఆ రుస్సోని 2012 లండన్ ఫైనల్లో ఓడించింది ఉక్రెయిన్ బాక్సర్ ఉసిక్. అదే లండన్‌లో సూపర్ హెవీవెయిట్ స్వర్ణం ఆంథొనీ జాషువాది. 2021లో జాషువా బెల్టుల్నీ ఉసిక్కే లాక్కున్నాడు. బోర్డు మీద బాణాలు గీస్తూ అడిగితే తొమ్మిదో తరగతివాళ్లు కూడా చెప్పేస్తారు.

చివరి పని, ప్రశ్నల కాగితం రెండు రోజుల ముందే వాదించే మనిషి ఒకరి చేతిలో పెట్టండి. నేను లెక్కల మాస్టారికే ఇస్తున్నా. దాంతో ఆయన పోటీలో కూర్చోవడానికి వీల్లేదు, స్కోరు రాస్తారు. సమోసాలు మాత్రం విడిగా ఒక ప్లేటు పంపాలి.