ఎడారి స్ట్రిప్ మీద దిగడం, 4వ పాఠం: ముల్లు మీద 61 అంటే 61

ఈసారి స్ట్రిప్‌ను, అంటే చిన్న విమానాలు దిగే మట్టి పట్టీని, పైనుంచి ఎలా చూసుకోవాలో చెబుదామనుకున్నాను. పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్కకు మీరు పంపిన జవాబులు చదివాక ఆ ఆలోచన మానుకున్నాను. లెక్క దాదాపు అందరూ సరిగ్గానే చేశారు. దాన్నుంచి చాలామంది తేల్చుకున్న విషయమే తప్పు. అందుకని ముందు దాని సంగతి చూద్దాం.

లెక్క మళ్లీ ఒకసారి. అమెరికాలోని యూటా రాష్ట్రం, శాన్ రఫేల్ స్వెల్ ప్రాంతం. 1950ల్లో యురేనియం వేటలో ఉన్నవాళ్లు వేసుకున్న మట్టి స్ట్రిప్‌లు ఆ చుట్టుపక్కల ఇప్పటికీ ఉన్నాయి. అలాంటి ఒకచోట ఎత్తు 4,500 అడుగులు, వేడి 35 డిగ్రీలు, ఆల్టిమీటర్ సెట్టింగ్ 29.92 (అంటే గాలి ఒత్తిడి ప్రామాణికమే) అనుకున్నాం. ఆ ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత 6 డిగ్రీలు. తేడా 29. డిగ్రీకి 120 అడుగుల చొప్పున 3,480. కలిపితే డెన్సిటీ ఆల్టిట్యూడ్, అంటే గాలి పలచదనాన్ని బట్టి విమానానికి అనిపించే ఎత్తు, సుమారు 8,000 అడుగులు. ఇక్కడిదాకా బాగుంది.

ఆ తర్వాత మీలో చాలామంది, గాలి పలచగా ఉంది కాబట్టి సెస్నా 172ఎస్ విమానాన్ని ఫైనల్‌లో (స్ట్రిప్‌కు ఎదురుగా దిగే చివరి భాగంలో) మామూలు 61 నాట్లకు (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు) బదులు 69 మీద తెస్తామని రాశారు. వద్దు. దయచేసి వద్దు.

గాలిలో వేగం చూపే ఎయిర్‌స్పీడ్ ముల్లు నిజానికి వేగాన్ని కొలవదు. పిటో ట్యూబ్ అనే ముందుకు తెరిచి ఉన్న చిన్న గొట్టానికి ఎదురుగా వచ్చే గాలి ఎంత ఒత్తిడితో కొడుతోందో కొలుస్తుంది. రెక్కకు బలం వచ్చేదీ ఆ ఒత్తిడి నుంచే. గాలి పలచబడితే రెక్కకు ఎంత తగ్గుతుందో ముల్లుకూ అంతే తగ్గుతుంది. కాబట్టి సముద్రమట్టం దగ్గర ముల్లు ఏ అంకె మీద ఉండగా స్టాల్ అయ్యిందో (రెక్క బలం కోల్పోయిందో), 8,000 అడుగుల దగ్గరా ఆ అంకె మీదే అవుతుంది. పలచని గాలికి కావాల్సిన సర్దుబాటు ముల్లులోనే జరిగిపోయింది. మీరు మళ్లీ కలిపితే అది రెండోసారి కలపడం.

అలా కలిపితే ఏమవుతుందో చూడండి. ఆ గాలిలో ముల్లు 61 చూపిస్తుంటే అసలు వేగం 69. మీరు ముల్లునే 69 మీద ఉంచితే అసలు వేగం 78. నేల మీద ఆగడానికి పట్టే దూరం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. సముద్రమట్టంలో 600 అడుగుల్లో ఆగే విమానానికి సరైన వేగంతో దిగితే ఇక్కడ 760 అడుగులు కావాలి. మీ 69తో దిగితే 980. దీనికి ముందు చక్రాలు నేలకు తగలకుండా తేలుతూ పోయే దూరం వేరే ఉంది. వదులు మట్టిలో బ్రేకులు తారు మీద పట్టినట్టు పట్టవు. స్ట్రిప్ చివర వాగో బండరాళ్లో ఉంటాయి.

ఇదే తప్పుకు ఇంకో ముఖం ఉంది, అది ఇంతకంటే చెడ్డది. నేను యూటాలో మొదటిసారి దిగినప్పుడు చేసింది అదే. ముల్లు 61 మీదే ఉంది, కానీ కింద నేల 69తో పరుగెడుతోంది. కంటికి అలవాటైన దానికంటే అంతా వేగంగా కదులుతుంటే చెయ్యి తనంతట తానే థ్రాటిల్ తగ్గించింది, ముక్కు కాస్త పైకి లేపింది. నేల మామూలు వేగంతో కదులుతున్నట్టు అనిపించేసరికి ముల్లు 54 మీద ఉంది.

నేరుగా వెళ్తున్నప్పుడైతే 54 దగ్గర వెంటనే స్టాల్ రాదు. కానీ ఇలాంటి స్ట్రిప్‌లుండే లోయల్లో ఎవరూ నేరుగా వెళ్లరు. అసలు వేగం 69తో మొదలుపెట్టిన మలుపు కూడా పెద్దదవుతుంది, నాలుగో వంతుకు పైగా. బేస్ (ఫైనల్‌కు ముందు అడ్డంగా వెళ్లే భాగం) నుంచి ఫైనల్‌కు తిరిగేటప్పుడు స్ట్రిప్ గీత దాటిపోతారు, ముందు కొండగోడ కనిపిస్తుంది, విమానాన్ని పక్కకు ఇంకొంచెం వాలుస్తారు. 45 డిగ్రీల వాలులో స్టాల్ వేగం 19 శాతం పెరుగుతుంది. ఫుల్ ఫ్లాప్స్‌తో (రెక్క వెనక అంచు పలకలు పూర్తిగా దించి) 40 నాట్లు ఉండాల్సింది 48 అవుతుంది. మీ దగ్గర మిగిలింది 6 నాట్లు. ఎండలో లోయ గోడల మీంచి వచ్చే ఒక్క గాలి కుదుపుకు అవి చాలవు.

బేగంపేటలో నేర్చుకున్నవాళ్లకు ఒక మాట. ఆ విమానాశ్రయం ఎత్తు 1,742 అడుగులు. మే నెలలో 40 డిగ్రీల ఎండలో అక్కడి డెన్సిటీ ఆల్టిట్యూడ్ 5,000 అడుగులు దాటుతుంది. మీరు పలచని గాలిలో ఎప్పుడో దిగారు. రన్‌వే 3 కిలోమీటర్లకు పైగా ఉండబట్టి తేడా తెలియలేదు.

నా పద్ధతి సులువు. ఎయిర్‌స్పీడ్ ఇండికేటర్ పక్కన చిన్న టేపు ముక్క మీద 61 అని రాసి అంటిస్తాను. ఫైనల్‌లో టచ్‌డౌన్ చోటు, ముల్లు, టచ్‌డౌన్ చోటు, ముల్లు, ఇంతే. పక్కకు చూడను. మిక్స్చర్‌ను (ఇంజిన్‌కు వెళ్లే గాలి, ఇంధనం పాళ్లను) ఆ ఎత్తుకు తగ్గట్టు ముందే సరిచేసి ఉంచుతాను, గో-అరౌండ్ (దిగడం మాని మళ్లీ పైకి లేవడం) చేయాల్సి వస్తే ఇంజిన్ తడబడకూడదు. ఉదయం 9 దాటాక వేసవిలో ఇలాంటి చోట్లకు వెళ్లను.

ఇప్పుడు స్ట్రిప్ చూడటం గురించి కొంచెం. ముందు వెయ్యి అడుగుల పైనుంచి, తర్వాత కిందికి వచ్చి స్ట్రిప్‌కు కుడివైపుగా, అది మీ ఎడమ కిటికీలో కనిపించేలా వెళ్లండి. కొత్త గుంటలు, ఇసుక మేటలు, పశువులు ఉన్నాయేమో చూడండి. విండ్‌సాక్ (గాలి దిశ చూపే గుడ్డ గొట్టం) ఉండకపోవచ్చు. నది ఒడ్డు పొదలు ఎటు వంగాయో, ధూళి ఎటు పోతోందో చూడాలి. పొడవు కొలవడానికి మాత్రం ముల్లు పనికిరాదు, జీపీఎస్ గ్రౌండ్ స్పీడ్ తీసుకోండి. నాట్లను 1.7తో గుణిస్తే సెకనుకు ఎన్ని అడుగులో వస్తుంది. జీపీఎస్ 80 చూపిస్తూ స్ట్రిప్ దాటడానికి 12 సెకన్లు పడితే పొడవు సుమారు 1,630 అడుగులు. రెక్క గురించి ముల్లును అడగాలి, నేల గురించి జీపీఎస్‌ను అడగాలి.

స్ట్రిప్ పైకి వాలుగా ఉన్నా, ఇరుకుగా ఉన్నా, చుట్టూ ఆనవాళ్లు లేని ఎడారి అయినా, ఎక్కువ ఎత్తులో ఉన్నామనిపించి కిందకి వచ్చేస్తాం. ఈ మూడూ ఒకేచోట ఉండటం ఎడారిలో మామూలే. దీని మీద వచ్చే పాఠం.

అభ్యాసం: మీ ఊరి పొడవాటి తారు రన్‌వే మీద, ఇన్‌స్ట్రక్టర్‌తో, గాలి లేని రోజున తెల్లవారుజామున 10 ల్యాండింగులు, మధ్యాహ్నం 3కి 10. అదే విమానం, అదే బరువు, ముల్లు మీద అదే అంకె. ప్రతిసారీ ఫైనల్‌లో గ్రౌండ్ స్పీడ్, టచ్‌డౌన్ చోటు రాసుకోండి. మధ్యాహ్నం 10లో 8సార్లు అనుకున్న చోటికి 200 అడుగుల లోపల చక్రాలు తగలాలి, ముల్లు 2 నాట్లకు మించి కదలకూడదు. కుదరకపోతే ఇంకో రోజు మళ్లీ చేయండి. ఇది కుదిరేదాకా మట్టి స్ట్రిప్ జోలికి వెళ్లొద్దు.