లిక్కర్ స్టోర్ కౌంటర్ మీదున్న తమ్ముళ్లకి: గన్ను పెట్టుకుని కస్టమర్ వచ్చినా సరే, ఆ సొరుగు మాత్రం తియ్యొద్దు

పోయిన శనివారం రాత్రి ఎనిమిదిన్నరకి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు, గొంతు వణుకుతోంది. డాలస్ పక్కన ఒక లిక్కర్ స్టోర్‌లో సాయంత్రాలు కౌంటర్ చూస్తాడు. "అన్నా, ఒకడు నడుముకి గన్ను పెట్టుకుని అందరికీ కనపడేలా లోపలికొచ్చాడు, విస్కీ బాటిల్ పట్టుకుని లైన్లో నించున్నాడు, నాకు చెమటలు పట్టేసి కౌంటర్ కింద సొరుగు లాగి ఓనర్ గన్ను మీద చెయ్యేసి ఉంచాను, వాడు కార్డు గీకి, గుడ్ నైట్ చెప్పి వెళ్లిపోయాడు" అన్నాడు. వాడి భయమంతా కస్టమర్ గన్ను గురించి. నాకు గుండె ఆగినంత పనైంది మాత్రం వాడు చెయ్యేసిన గన్ను గురించి.

థాంక్స్‌గివింగ్ నుంచి న్యూ ఇయర్ దాకా మన షాపుల్లో ఎలా ఉంటుందో చేసినవాళ్లకి తెలుసు. టెక్సస్‌లో ఆ పండగ రోజుల్లో లిక్కర్ స్టోర్లు మూసెయ్యాలి కాబట్టి జనమంతా ముందురోజు సాయంత్రమే ఎగబడతారు, తొమ్మిదికి షట్టర్ దించేదాకా ఊపిరి ఆడదు. దానికితోడు 2024లో చికాగోలో, 2025లో డాలస్‌లో గ్యాస్ స్టేషన్ కౌంటర్ల దగ్గర మన పిల్లలు కాల్పుల్లో పోయిన వార్తలు చదివి అందరూ బెదిరిపోయి ఉన్నారు. భయం ఉండడం తప్పు కాదు. ఆ భయంలో చెయ్యి ఎటు పోతుందన్నదే నా బాధ.

గన్ను కనపడగానే నేరం కాదు

టెక్సస్‌లో 2016 జనవరి 1 నుంచి లైసెన్స్ ఉన్నవాళ్లు పిస్టల్ బయటికి కనపడేలా పెట్టుకుని తిరగొచ్చు. 2021 సెప్టెంబర్ 1న హౌస్ బిల్ 1927 అమల్లోకి వచ్చాక 21 ఏళ్లు నిండి, గన్ను ఉంచుకోడానికి చట్టపరంగా అడ్డేమీ లేనివాళ్లు లైసెన్స్ లేకుండా కూడా పెట్టుకోవచ్చు. బయటికి కనపడుతుంటే అది హోల్‌స్టర్‌లో ఉండాలి. కాబట్టి నడుముకి తొడుగులో గన్ను ఉండి, రెండు చేతుల్తో బీరు కేస్ మోసుకొస్తున్న మనిషి దొంగ కాదు, కస్టమరే. గన్ను చేతిలోకి వస్తే అది వేరే సంగతి, దాని గురించి కింద చెప్తాను.

"మందు అమ్మే చోటికి గన్ను తేకూడదు కదా" అని చాలామంది నాతో వాదించారు. ఆ 51 శాతం రూలు బార్లకి. అంటే అక్కడే కూర్చుని తాగే మందు మీద ఆదాయంలో 51 శాతం, అంతకు మించి వచ్చే చోటికి. అలాంటి చోట గుమ్మం దగ్గర ఎర్ర అంకెల్తో 51% అని పెద్ద బోర్డు ఉంటుంది. సీసా కొనుక్కుని ఇంటికి పట్టుకెళ్లే షాపుకి అది వర్తించదు, నీ అమ్మకంలో నూటికి నూరూ మందే అయినా సరే. ఇంటర్నెట్‌లో ఆ ఎర్ర బోర్డు ప్రింట్ తీసి గ్యాస్ స్టేషన్ అద్దానికి అంటించిన ఓనర్లని చూశాను, దాని వల్ల ఆ చోటు బార్ అయిపోదు.

షాపులోకి గన్ను వద్దనుకునే హక్కు ఓనర్‌కి ఉంది. 2019 ఆగస్టులో ఎల్ పాసో వాల్‌మార్ట్‌లో కాల్పులు జరిగాక సెప్టెంబర్‌లో వాల్‌మార్ట్ తన షాపుల్లోకి గన్ను బయటికి కనపడేలా తేవద్దని కస్టమర్లని కోరింది, క్రోగర్ లాంటి సూపర్ మార్కెట్లు కూడా అదే దారి పట్టారు. మన చిన్న షాపులూ చెప్పొచ్చు, కానీ చెప్పే పద్ధతి ఉంది, టెక్సస్ శిక్షాస్మృతి సెక్షన్ నంబర్లతో పిలిచే బోర్డులు పెట్టాలి. లైసెన్స్ లేకుండా పెట్టుకొచ్చేవాళ్లకి 30.05, లైసెన్స్ ఉండి బట్టల కింద దాచుకొచ్చేవాళ్లకి 30.06, లైసెన్స్ ఉండి బయటికి పెట్టుకొచ్చేవాళ్లకి 30.07 బోర్డు. 30.06, 30.07 బోర్డుల మీద చట్టంలో ఉన్న మాటలే ఉండాలి, ఇంగ్లిష్‌లోనూ స్పానిష్‌లోనూ, కనీసం అంగుళం ఎత్తు అక్షరాలతో, వెనకాల రంగు మీద కొట్టొచ్చినట్టు కనపడాలి. తుపాకీ బొమ్మ మీద అడ్డగీత కొట్టిన స్టిక్కర్ లైసెన్స్ ఉన్నవాడికి నోటీసు కిందకి రాదు. ఎనిమిది డాలర్ల స్టిక్కర్ అంటించి, కుర్రాణ్ణి "వెళ్లి గన్ను బయట పెట్టి రమ్మను" అని కస్టమర్ మీదకి పంపే ఓనర్లంటే నాకు ఒళ్లు మండుతుంది.

బోర్డు చూసి కూడా లోపలికొస్తే అది చిన్న నేరమే, 200 డాలర్ల దాకా ఫైన్. నోటితో చెప్పాక కూడా వెళ్లకపోతే ఇంకా పెద్దదైన క్లాస్ ఎ నేరం, ఏడాది దాకా జైలు, 4000 డాలర్ల దాకా ఫైన్. అందుకే మర్యాదగా ఒక్కసారి చెప్పడం, వినకపోతే 911 కొట్టడం. రెండోసారి వాదించాల్సింది పోలీసు, నువ్వు కాదు.

టెక్సస్ దాటితే ఇదంతా మారిపోతుంది. ఇల్లినాయ్‌లో ఓపెన్ క్యారీ, అంటే గన్ను బయటికి కనపడేలా పెట్టుకుని తిరగడం, అసలు లేదు. నార్త్ కరొలైనాలో మందు అమ్మడమే కాదు, అక్కడే తాగే చోటు కూడా అయితేనే గన్ను నిషేధం. ఫ్లోరిడాలో దశాబ్దాలుగా ఉన్న ఓపెన్ క్యారీ నిషేధాన్ని 2025 సెప్టెంబర్‌లో అక్కడి అప్పీల్ కోర్టు కొట్టేసింది. స్టేట్ మారినప్పుడల్లా మళ్లీ మొదటి నుంచి తెలుసుకోండి.

అసలు కొంప ముంచేది కౌంటర్ కింద ఉంది

ఇక్కడ నెమ్మదిగా చదువు తమ్ముడూ. పైన చెప్పినదంతా కస్టమర్‌కి, ఓనర్‌కి ఉన్న హక్కుల గురించి. నీకు అందులో ఏదీ లేదు. ఎఫ్-1, ఓపీటీ, హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, విజిటర్ వీసా, ఏదైనా సరే, నాన్ ఇమ్మిగ్రెంట్ (తాత్కాలిక) వీసా మీద వచ్చినవాడి దగ్గర గన్ను గానీ బుల్లెట్ గానీ ఉండకూడదని ఫెడరల్ చట్టం. ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయిందని ధీమా పడొద్దు, గ్రీన్ కార్డు చేతికి వచ్చేదాకా నువ్వు అందులోనే ఉన్నావు. టెక్సస్ ఎంత ఫ్రీగా వదిలేసినా ఇది ఢిల్లీ నుంచి గల్లీ దాకా ఒకటే అన్నట్టు, యాభై స్టేట్లలోనూ ఒకటే. శిక్ష 2022 ముందు పదేళ్ల దాకా ఉండేది, ఆ ఏడాది జూన్‌లో మార్చారు, ఇప్పుడు పదిహేనేళ్ల దాకా. పైగా గన్ను కేసులో దోషి అని తేలితే డిపోర్టేషన్.

"నాది కాదు కదా అన్నా, ఓనర్‌ది కదా" అంటారు. చట్టం అడిగేది ఎవరి పేరు మీద ఉందని కాదు, నీ చేతికింద ఉందా లేదా అని. సొరుగు నీ దగ్గర, తాళం నీ దగ్గర, అందులో గన్ను ఉందని నీకు తెలుసు, అవసరమైతే తీద్దామని మనసులో ఉంది, ఇంకేం కావాలి ప్రాసిక్యూటర్‌కి. చేత్తో పట్టుకుంటే ఇక చెప్పేదే లేదు.

ఏళ్ల కిందట నేను పక్క కౌంటర్‌లో చేస్తున్నప్పటి మాట. లాటరీ మెషిన్ కింద సొరుగు, అందులో రసీదు రోల్స్, లైటర్ల డబ్బా, వాటి వెనకాల పసుపు రంగు తుడుపుగుడ్డలో చుట్టిన నల్ల పిస్టల్. ఎమ్మెస్ చేస్తున్న కుర్రాడు, మా జిల్లా వాడే. ఒక తాగుబోతు బీరు క్యాన్ విసిరికొట్టి బూతులు తిడితే వీడు గుడ్డ విప్పి గన్ను తీసి కౌంటర్ మీద పెట్టాడు, అంతే, ఎత్తనైనా లేదు. తాగుబోతు బయటికి పోయి తనే పోలీసుల్ని పిలిచాడు. వాళ్లు కెమెరా ఫుటేజ్ చూశారు, పాస్‌పోర్ట్ అడిగారు. ఆ కుర్రాడు రెండేళ్లు లాయర్ల చుట్టూ తిరిగి, వాళ్ల నాన్న పొలం అమ్మిన డబ్బు వాళ్లకి పోసి, డిగ్రీ లేకుండా ఇంటికెళ్లాడు. ఆ పసుపు గుడ్డ నాకిప్పటికీ కళ్లముందే ఉంది. తాగుబోతు మాత్రం మళ్లీ వారం బీరు కొనడానికి వచ్చాడు.

హమీద్ రెహైఫ్ కేసు 2019లో సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. యూఏఈ నుంచి ఫ్లోరిడాకి చదువుకోడానికి వచ్చి వీసా స్టేటస్ పోగొట్టుకున్న స్టూడెంట్, షూటింగ్ రేంజ్‌కి వెళ్లి కాల్చినందుకు కేసు. తన స్టేటస్ ఏంటో అతనికి తెలుసని ప్రభుత్వం నిరూపించాలి అని కోర్టు అతని వైపు చెప్పింది. అది మనకి ఊరట అనుకోవద్దు. నువ్వు ఎఫ్-1 మీద ఉన్నావని నీకు తెలియదని ఎవరు నమ్ముతారు?

హంటింగ్ లైసెన్స్ సంగతి కూడా అడుగుతారు. అది ఉంటే వీసా మీద ఉన్నవాడు కూడా గన్ను ఉంచుకోవచ్చని చట్టంలో మినహాయింపు ఉంది, నిజమే. కానీ లైసెన్స్ గడువు దాటిన రోజు నుంచి అది లేనట్టే. ఇంకోటి, పర్మిషన్ లేకుండా క్యాంపస్ బయట పని చేస్తున్న ఎఫ్-1 స్టూడెంట్ స్టేటస్ షరతు తప్పినట్టు, ఏటీఎఫ్ (గన్ను చట్టాలు చూసే ఫెడరల్ సంస్థ) రూల్స్ వాణ్ణి ఇల్లీగల్‌గా ఉన్నవాడి కింద లెక్కేస్తాయి, అప్పుడు హంటింగ్ లైసెన్స్ వాణ్ణి కాపాడదు. అంటే క్యాష్ మీద కౌంటర్ చేస్తూ జేబులో హంటింగ్ లైసెన్స్ పెట్టుకుని ధైర్యంగా ఉన్నవాడే అందరికన్నా ప్రమాదంలో ఉన్నాడు. అసలు ఆ పనే మానెయ్యమని నా మాట. వినరు, అందుకే మిగతాది రాస్తున్నా.

ఓనర్ అన్నలకి కూడా. వీసా మీద ఉన్నాడని తెలిసి గన్ను అందిస్తే అది మీ మీదా ఫెడరల్ కేసే, అదే పదిహేనేళ్లు. "నేను లేనప్పుడు ఇది వాడుకో" అని చెప్పడం ప్రేమ కాదు అన్నా. మీ గన్ను మీ ఒంటి మీద ఉండాలి, లేదంటే సేఫ్‌లో, తాళం మీ జేబులో. మీరు ఇంటికెళ్తే అదీ మీతో ఇంటికెళ్లాలి.

ఇక వరసగా రాసేస్తున్నా, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

కొత్త షాపులో మొదటి రోజే అడుగు, గన్ను ఎక్కడుందని, ఉంటే నీ షిఫ్ట్‌లో అక్కడ ఉండకూడదని చెప్పు, ఓనర్ ఒప్పుకోకపోతే ఆ ఉద్యోగం వద్దు.

హోల్‌స్టర్‌లో గన్ను ఉన్న కస్టమర్‌ని గుచ్చి చూడకు, "ఏం మోడల్" అని కబుర్లు పెట్టకు, ఐడీ చూడాలంటే అందరికీ చూసినట్టే చూడు.

నీ చేతులు కౌంటర్ మీదే, ఎప్పుడూ, వాడికి కనపడేలా. చెయ్యి కిందకి పోతే వాడు కూడా భయపడతాడు, వాడి భయానికి గన్ను తోడుంది.

తాగి తూలుతూ గన్నుతో వచ్చాడా, మత్తులో పిస్టల్ పెట్టుకుని తిరగడం వాడి నేరం, మత్తులో ఉన్నవాడికి అమ్మడం నీ నేరం. అమ్మకు, గొంతు పెంచకు, వెనక గదిలోకి వెళ్లి 911.

గన్ను తొడుగు దాటి చేతిలోకి వచ్చిందంటే అది దోపిడీ అనే అనుకో. క్యాష్ ఇచ్చెయ్. ఫోన్ అడిగితే ఇచ్చెయ్. వెంటపడకు, పార్కింగ్‌లోకి వెళ్లకు, నంబర్ ప్లేటు కోసం పరిగెత్తకు.

సొరుగు తియ్యకు.

కస్టమర్ గన్ను మర్చిపోయి రెస్ట్‌రూమ్‌లో వదిలేసి వెళ్తే కూడా ముట్టుకోకు, తలుపు మూసి ఓనర్‌కి, పోలీసులకి ఫోన్ చెయ్.

బుల్లెట్ కింద దొరికినా జేబులో వేసుకోకు.

ఫ్రెండ్ ఫామ్‌హౌస్‌లో గన్ను పట్టుకుని ఫోటో దిగకు, దిగినది ఉంటే లాయర్‌తో మాట్లాడు.

రేంజ్‌కి బర్త్‌డే పార్టీ అంటే రానని చెప్పు.

పోలీసులు వచ్చి గన్ను గురించి అడిగితే అబద్ధం చెప్పకు, లాయర్ కావాలని చెప్పి ఆగిపో.

సొరుగు తియ్యకు. శుభ్రం చేయడానిక్కూడా తియ్యకు. "ఒకసారి పట్టుకుని చూడు, బరువు భలే ఉంటుంది" అన్నా పట్టుకోకు. ఓనర్ ఊరెళ్తూ దాని తాళం నీ చేతిలో పెట్టబోతే చెయ్యి వెనక్కి తీసుకో.