హైవే దాటే ముందు: కన్ను చేసే మోసం, దానికి విరుగుడు

గుత్తి, పామిడి, గార్లదిన్నె ప్రాంతాల్లో ఊరి దారులు 44వ నంబరు జాతీయ రహదారిని కలుస్తాయి. అలాంటి చోట బండ్లు గుద్దుకున్నప్పుడు తరచూ వినిపించే మాట: "చూసే వచ్చినా, ఏమీ కనపడలేదు." దాన్ని అబద్ధమని కొట్టిపారేయకండి. కన్ను అటు తిరిగే ఉంటుంది, ధ్యాస మాత్రం అటు పోయి ఉండదు. 1999లో డేనియల్ సైమన్స్, క్రిస్టఫర్ ఛాబ్రిస్ అనే మనస్తత్వ పరిశోధకులు కొందరికి ఒక వీడియో చూపించి, అందులో బంతి ఎన్నిసార్లు చేతులు మారిందో లెక్కపెట్టమన్నారు. మధ్యలో గొరిల్లా వేషం నడిచొచ్చి గుండెలు బాదుకుని పోయినా సుమారు సగం మంది గమనించలేదు. హైవే మీద మనం లారీ కోసం, బస్సు కోసం వెతుకుతాం. అందుకే బైకు మన కళ్లకు తప్పిపోతుంది.

రెండో మోసాన్ని ఇంట్లోనే చూడొచ్చు. అద్దంలో మీ ఎడమ కంటిని, వెంటనే కుడి కంటిని చూడండి. కళ్లు కదలడం మీకు కనపడదు, పక్కన నిలబడినవారికి కనపడుతుంది. చూపు దూకే ఆ క్షణంలో మెదడు బొమ్మను వదిలేసి, అతుకు తెలియనివ్వదు. మెడ సర్రున తిప్పితే రోడ్డులో కొంత భాగం అసలు చూడనే చూడం, అయినా అంతా చూసినట్టే ఉంటుంది.

కాబట్టి బండి పూర్తిగా ఆపండి, బైకైతే కాలు నేల మీద పెట్టండి. కుడివైపు చూపును మూడు చోట్ల నిలపండి: దూరంగా, నడిమధ్య, దగ్గరగా. ఒక్కోచోట ఒక సెకను చాలు. తర్వాత ఎడమవైపు చూడండి. డివైడర్ ఉంది కదా అని వదిలేస్తే రాంగ్ రూట్‌లో వచ్చే బండి మీద పడుతుంది. మళ్లీ కుడివైపు చూడండి. కనపడినదాన్ని పైకే అనండి: "బైకు వస్తోంది". చూసినదాన్ని కూడా మెడ తిప్పేలోపు మరచిపోతాం, నోటితో అన్నది అంత తేలిగ్గా జారదు. డివైడర్ గ్యాప్‌లో చేరాక ఇదంతా ఎడమవైపుకు మళ్లీ మొదటి నుంచి చేయాలి.

కారులో ముందు అద్దం పక్కనున్న కమ్మీ ఒక బైకును పూర్తిగా దాచగలదు. నడుము నుంచి ముందుకు వంగి, మళ్లీ వెనక్కి జరిగి చూడండి. తల మాత్రమే తిప్పితే చాలదు.

దూరం అంచనాలో ఇంకా పెద్ద ప్రమాదం ఉంది. ఎదురుగా వచ్చే చిన్న బండి అదే దూరంలోని లారీ కంటే ఆలస్యంగా చేరుతుందని అనిపిస్తుంది. అనిపించినదాన్ని పక్కనపెట్టి లెక్క వేయండి. చెనక్కాయ మూటలతో ట్రాక్టరు, ట్రాలీ రెండు లేన్లు పూర్తిగా దాటాలంటే సుమారు 18 మీటర్లు కదలాలి. గంటకు 5 కిలోమీటర్ల వేగంతో 13 సెకన్లు పడుతుంది. ఆ లోపు గంటకు 80 కిలోమీటర్ల బండి దాదాపు 290 మీటర్లు వచ్చేస్తుంది. కిలోమీటరు రాళ్ల మధ్య 200 మీటర్లకొక చిన్న రాయి ఉంటే, దాని ఆధారంగా దూరం కొలుచుకోండి. ట్రాలీతో దాటేటప్పుడు మీరున్న చోటి నుంచి మూడో రాయి దాకా, అంటే కనీసం 400 మీటర్లు, ఖాళీగా ఉండాలి. రాత్రి ఒకే లైటు కనపడితే బైకని తేల్చేయకండి, ఒక లైటు పోయిన లారీ కావచ్చు.

ఫోను చెవి దగ్గర పెట్టకుండా ఇయర్‌ఫోన్‌లో మాట్లాడితే ఫర్వాలేదనుకోవడం తప్పు. చేతులు ఖాళీగానే ఉంటాయి, ధ్యాస మాత్రం మాటల్లో ఉంటుంది. జంక్షన్‌కు ముందే కాల్ కట్ చేయండి.

వెనక కూర్చున్నవారు "పోనీ, ఏమీ రాలేదు" అంటే ఆ మాట మీద బండి కదిలించకండి. వాళ్లు ఒక వైపే, ఒక్క చూపే చూసి ఉంటారు. వాళ్ల సాయం కావాలంటే పని పంచుకోండి: "నువ్వు ఎడమ చూడు, ఏదైనా వస్తే ఆగమను." మీ చూపు మీరు పూర్తి చేశాకే కదలండి.