కొత్త పార్టీ తరఫున స్థానిక ఎన్నికల్లో నిలబడుతున్నారా? నోటిఫికేషన్‌కు ముందే చూసుకోవాల్సిన జాగ్రత్తలు

ఆంధ్రప్రదేశ్‌లో 2021లో గెలిచిన సర్పంచులు, ఎంపీటీసీలు, జడ్పీటీసీలు, కౌన్సిలర్ల ఐదేళ్ల గడువు 2026తో తీరిపోతుంది. రెండు పెద్ద శిబిరాల మధ్య మూడో జెండా పట్టుకుని ఊళ్లో నిలబడదామనుకునే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. కొత్త పార్టీలు ఓట్లు పడక ఓడిపోవడం మామూలే. కానీ చాలా ఊళ్లలో పోలింగ్ రోజు దాకా కూడా రాలేకపోతాయి. నామినేషన్ చెల్లదు, లేదా అభ్యర్థి చివరి రోజు వెనక్కి తీసుకుంటాడు, అదీ కాకపోతే బూత్‌లో కూర్చోడానికి ఏజెంటు దొరకడు. అందుకే ప్రసంగాల కన్నా ముందు, మన పక్కన నిలబడే మనుషులను కాపాడుకోవడం గురించి ఆలోచించాలి.

మొదట, ఏ ఎన్నికకు ఏ లెక్కో తెలుసుకోండి. గ్రామ పంచాయతీ ఎన్నికలు పార్టీ రహితంగా జరుగుతాయి. సర్పంచ్ బ్యాలెట్ మీద మీ పార్టీ గుర్తు ఉండదు. తెలుగు అక్షర క్రమంలో అభ్యర్థుల పేర్లు పేర్చి, జాబితాలో ఉన్న గుర్తులను వరసగా ఇచ్చుకుంటూ పోతారు. కాబట్టి గుర్తు చేతికి వచ్చేదాకా కరపత్రాలు కొట్టించకండి, గోడల మీద రాయించకండి. ఎంపీటీసీ, జడ్పీటీసీ, మున్సిపల్ ఎన్నికలు మాత్రం పార్టీ గుర్తులపైనే. వీటిని నడిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం. ఢిల్లీలోని కేంద్ర ఎన్నికల సంఘానికీ దీనికీ సంబంధం లేదు. అక్కడ పార్టీ రిజిస్టర్ అయిందని ఇక్కడ ధీమాగా ఉండొద్దు. రాష్ట్ర సంఘం దగ్గర పార్టీ నమోదై ఉందా, గుర్తు సంగతేమిటి, బి-ఫారం (ఇతనే మా అభ్యర్థి అని పార్టీ ఇచ్చే పత్రం) ఎవరి సంతకంతో ఎప్పటిలోగా ఇవ్వాలి అన్నవి జిల్లా నాయకుణ్ణి ఇప్పుడే అడిగి తేల్చుకోండి.

ఇక అసలైన చోటు ప్రతిపాదకుడు, అంటే మన నామినేషన్ పత్రం మీద మన పేరు ప్రతిపాదిస్తూ సంతకం పెట్టే ఓటరు. పోయినసారి మా పక్క ఊళ్లో నామినేషన్ల పరిశీలన జరుగుతుంటే నేను అక్కడే ఉన్నాను. వార్డుకు నామినేషన్ వేసిన కుర్రాడికి ఒక కౌలు రైతు ప్రతిపాదకుడిగా సంతకం పెట్టాడు. మర్నాడు ఆ రైతు, తాను కౌలు చేసే భూమి ఆసామి తమ్ముడి బండి మీద వచ్చి, అధికారి బల్ల ముందు తల దించుకుని, "ఈ సంతకం నాది కాదండీ" అన్నాడు. భుజం మీద తువ్వాలు తీసి రెండు చేతులతో నలుపుతూనే ఉన్నాడు. నామినేషన్ పోయింది. ఆయన్ను తప్పు పట్టడానికి నాకు మనసొప్పలేదు. అంత భారం ఆయన మీద పెట్టకుండా ఉండాల్సింది.

కాబట్టి ఎదుటి వర్గం దగ్గర కౌలు, అప్పు, ఉద్యోగం ఏదీ లేని మనిషినే ప్రతిపాదకుడిగా అడగండి. వార్డు మెంబరు పోటీ అయితే ఆయన ఓటు అదే వార్డులో ఉండాలి. వేర్వేరు ప్రతిపాదకులతో ఒకటికి మించి నామినేషన్ సెట్లు వేయండి. సంతకాలు పెట్టేటప్పుడు నలుగురు ఉండాలి, ఫోన్‌లో వీడియో తీయాలి. పరిశీలన అయ్యేదాకా ఆయన ఇంట్లోనో పక్కింట్లోనో మనవాడు ఒకడు ఉండాలి. మాట ఇచ్చిన మనిషికి ఆ రెండు రోజులు ఎంత టెన్షనో పైనుంచి చూసేవాళ్లకు తెలియదు.

తర్వాత వచ్చేది ఏకగ్రీవం ఒత్తిడి. 2021లో ప్రభుత్వం జనాభాను బట్టి ఏకగ్రీవ పంచాయతీలకు 5 లక్షల నుంచి 20 లక్షల రూపాయల దాకా ప్రోత్సాహకం ప్రకటించింది. అలాంటిది ఉన్నప్పుడు "నీ ఒక్కడి వల్ల ఊరికి డబ్బులు పోతున్నాయి" అని పెద్దలు ఇంటికి వస్తారు. వాళ్లను ఇంట్లో ఒంటరిగా కలవకండి. రచ్చబండ దగ్గర, అందరి ముందే మాట్లాడదామనండి. పదవిని వేలం పాట పెట్టడం చట్టవిరుద్ధం. అది జరుగుతుంటే ఎంపీడీఓకు, కలెక్టర్‌కు కాగితం మీద ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. ఎవరు ఎంత నమ్మకస్తుడైనా ఖాళీ కాగితం మీద మాత్రం సంతకం పెట్టి ఇవ్వొద్దు. అది ఉపసంహరణ పత్రంగా మారిపోగలదు.

పత్రాల విషయం తేలికే, కానీ చివరి రోజుకు వదలకండి. వయసు 21 నిండాలి, ఓటరు జాబితాలో పేరుండాలి, రిజర్వుడు స్థానమైతే కుల ధ్రువీకరణ కావాలి. ఇంటి పన్ను, నీటి పన్ను బకాయి లేకుండా కట్టేసి రసీదులు దాచుకోండి. రిజర్వేషన్ తేలకముందే అభ్యర్థిని ప్రకటించకండి. సగం స్థానాలు మహిళలవే కాబట్టి, మాట్లాడగలిగిన, ఊరు తెలిసిన అక్కచెల్లెళ్లను ఇప్పటి నుంచే ముందుకు తీసుకురండి. భర్త ఫొటో పెద్దగా, ఆమె ఫొటో చిన్నగా వేసే పోస్టరుతో కొత్త పార్టీ అని చెప్పుకోవద్దు.

ఇంటింటికీ తిరిగేటప్పుడు ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: "రేపు మీరూ ఎందులో కలిపేస్తారు?" జనం అలా అడగడంలో న్యాయముంది. 2008లో పుట్టిన ప్రజారాజ్యం 2009లో 18 సీట్లు గెలిచి, 2011లో కాంగ్రెస్‌లో కలిసిపోయింది. సూరత్ కార్పొరేషన్‌లో 2021లో ఆమ్ ఆద్మీ పార్టీ 120కి 27 సీట్లు గెలిస్తే, తర్వాత అందులో పలువురు బీజేపీలో చేరారు. ఈ ప్రశ్నకు కోపం తెచ్చుకోకండి. ఏం చేస్తామో కాకుండా, ఇప్పటిదాకా ఏం చేశామో చెప్పండి. ఆగిపోయిన పింఛను ఇప్పించారా, మురుగు కాలువ కోసం అర్జీ పెట్టారా, గ్రామసభలో లెక్కలు అడిగారా? కేరళలో ట్వంటీ20 అనే స్థానిక పార్టీ కిళక్కంబలం పంచాయతీని 2015లో గెలిచింది, 2020 నాటికి నాలుగు పంచాయతీలకు పెరిగింది. దాని వెనక ఒక పెద్ద కంపెనీ డబ్బుంది, అది మనకు లేదు, అలాంటిది ఉండటం నాకు నచ్చదు కూడా. ఎన్నికలు లేనప్పుడు కూడా జనం మధ్య ఉండటం మాత్రం వాళ్ల దగ్గర నేర్చుకోవచ్చు.

పోలింగ్‌కు ప్రతి బూత్‌లో అదే వార్డు మనిషిని ఏజెంటుగా పెట్టండి, పక్కన ఇంకొకరిని సిద్ధంగా ఉంచండి. ఓటరు జాబితా వరస వరస చదివి, చనిపోయిన వాళ్లనూ వలస పోయిన వాళ్లనూ ముందే గుర్తు పెట్టుకోవాలి. చిన్న వార్డుల్లో పది ఓట్లు కూడా ఫలితాన్ని మార్చేస్తాయి. రీకౌంటింగ్ కావాలంటే ఫలితం ప్రకటించక ముందే రాతపూర్వకంగా అడగాలి.

గెలిచినా ఓడినా ఖర్చుల లెక్క 45 రోజుల్లోగా ఇవ్వాలి, లేకపోతే ముందు ముందు పోటీకే అనర్హులవుతారు. ఫలితం వచ్చిన మర్నాటి నుంచే మీ ఏజెంట్ల ఇళ్లకు, ప్రతిపాదకుల ఇళ్లకు వెళ్లండి. పింఛను ఆగిందా, ఉపాధి హామీలో పని ఇవ్వడం లేదా, ఎవరైనా కౌలు తీసేశారా అని అడగండి. ఏది ఆగినా అదే వారంలో అర్జీ రాయించి, వాళ్లతో పాటు మీరూ ఎంపీడీఓ ఆఫీసుకు వెళ్లండి.