సీకమ్ గుల్లను వర్ణించాలంటే ముందుగా వెనక చివర చూడండి

సముద్రపు ఇసుకను కడిగి, ఆరబెట్టి, జల్లెడ పట్టి మైక్రోస్కోపు కింద పరిస్తే ఒక్కోసారి విరిగిన సేమియా ముక్కల్లాంటి గొట్టాలు కనిపిస్తాయి. కొద్దిగా వంపు, పొడవు సాధారణంగా 2, 3 మిల్లీమీటర్లు. నత్తగుల్లకు ఉండాల్సిన చుట్లు లేవు కదా అని చాలామంది వాటిని పక్కకి నెట్టేస్తారు. దయచేసి ఆ పని చేయకండి, అవి సీకమ్ ప్రజాతి నత్తలు కావచ్చు.

వెంటనే గొట్టం వెనక చివర చూడండి. ఇంటర్ జువాలజీలో చదివిన డెంటాలియం (ఏనుగు దంతం ఆకారపు గుల్ల ఉన్న సముద్ర జీవి) గుల్లకి రెండు చివరలూ తెరిచే ఉంటాయి, వెనక్కి పోయేకొద్దీ సన్నబడుతుంది. సీకమ్‌కి వెనక వైపు బిరడా బిగించినట్టు మూసుకుపోయి ఉంటుంది, లావు కూడా ఆ చివర నుంచి ఈ చివర దాకా పెద్దగా మారదు. ఇంగ్లండులో జార్జ్ మాంటెగ్యూ అనే ప్రకృతి శాస్త్రవేత్త 1803లో వీటిని డెంటాలియం కిందే పెట్టాడు, 1813లో ఫ్లెమింగ్ అనే మరో ప్రకృతి శాస్త్రవేత్త సీకమ్ అని వేరే ప్రజాతి చేశాడు. ఇక పురుగుల సున్నపు గొట్టాలంటారా, అవి ఎక్కువగా రాయికో చిప్పకో అతుక్కుని వంకరటింకరగా పెరుగుతాయి, పైన మెరుపు ఉండదు.

ఆ బిరడా ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తేగానీ వర్గీకరణ అర్థం కాదు. పిల్ల నత్తకి మామూలు నత్తలాగే చుట్ట తిరిగిన గుల్ల ఉంటుంది. ఆ చుట్ట విప్పుకుని గొట్టంగా ముందుకు పెరుగుతుంది, పెరుగుతూ లోపల ఒక అడ్డుగోడ కట్టుకుంటుంది (అదే బిరడా), దాని వెనక ఉన్న పాత భాగం విరిగి రాలిపోతుంది. ఇలా ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ జరుగుతుంది. అంటే ఒకే జాతి నత్త చిన్నప్పుడు సన్నగా, తర్వాత లావుగా, గుల్ల మీది చెక్కడం (వలయాలు, గీతలు) కూడా మారిపోయి, వేర్వేరు జాతులేమో అనిపించే గుల్లలు ఇస్తుంది. కాబట్టి ఒక్క గుల్ల చూసి కొత్త జాతి అనేయడం ఈ ప్రజాతిలో చాలా ప్రమాదం. ఒకే చోట దొరికినవన్నీ చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరసగా పేర్చుకుని, అప్పుడు రాయడం మొదలుపెట్టండి.

గుల్లను పట్టకారుతో పట్టుకోకండి, పగిలిపోతుంది, తడిపిన సన్న బ్రష్ చాలు. నల్ల కాగితం మీద అన్నిటినీ ఒకే వైపుకి తిప్పి పక్కనుంచి ఫోటో తీయండి, స్కేలు తప్పనిసరి. పొడవు, ముందు లావు, వెనక లావు, వంపు ఎంతో రాసుకోండి. తర్వాత పైచెక్కడం: నునుపా, అడ్డంగా వలయాలా, నిలువు గీతలా, రెండూ కలిసి గళ్ళలా ఉన్నాయా, వలయాలైతే వాటి మధ్య ఖాళీ వలయం కన్నా వెడల్పా ఇరుకా. మూతి దగ్గర గొట్టం నొక్కుకుపోయిందా, అంచు దళసరిగా కట్టుకుందా అన్నది పెరుగుదల పూర్తయిందో లేదో చెప్పడానికి పనికొస్తుంది. అన్నిటికన్నా ఎక్కువ సమయం మాత్రం బిరడా మీదే పెట్టండి. చదునుగా ఉందా, ఉబ్బిందా, దాని మీద మొన ఉందా, ఉంటే త్రికోణంలాగా వేలులాగా, నడిమధ్యనా వీపు వైపుకి జరిగా. గుల్లను నెమ్మదిగా దొర్లించి రెండు మూడు కోణాల్లో చూడాలి, ఎదురుగా చూస్తే అసలు కనిపించని మొన పక్కనుంచి స్పష్టంగా కనిపిస్తుంది.

ఉదాహరణకి సీకమ్ గ్లాబ్రమ్‌ని ఇలా రాయొచ్చు: "గొట్టం కొద్దిగా వంపు, నునుపు, మెరుపు, సన్నని పెరుగుదల గీతలు తప్ప చెక్కడం లేదు, మూతి గుండ్రం, బిరడా అర్ధగోళంలా ఉబ్బింది, మొన లేదు." సీకమ్ ట్రాకియా దీని పక్కన పెడితే ఒంటినిండా దగ్గర దగ్గర వలయాలు, పొరపాటుపడే అవకాశమే లేదు. గొట్టం నడుమ ఉబ్బి ఉంటే అది సీకమ్ కాకపోవచ్చు, దాని చుట్టం మియోసెరాస్ అయ్యుండొచ్చు. గుల్లల పరిశోధకుడు కార్పెంటర్ 1858-59లో ఈ కుటుంబం మొత్తాన్నీ కలిపి రాసినప్పుడు ఎదుగుదల దశల్ని పట్టించుకున్నాడు, ఇప్పటికీ ఆ పద్ధతే సరైనదని నా నమ్మకం.

అలలకి ఒరుసుకుపోయిన గుల్లలతో జాతి దాకా వెళ్ళకండి, చెక్కడం అరిగిపోతే వలయాలున్న జాతి కూడా నునుపుగా కనిపిస్తుంది. అలాంటి వాటికి ప్రజాతి పేరు రాసి ఆపేయండి. మంచివాటిని ఒక్కొక్కటీ జెలటిన్ క్యాప్సూల్‌లో వేసి, చోటు, తేదీ, లోతు పెన్సిల్‌తో రాసిన చీటీ జత చేయండి. చెక్క పెట్టెలో మాత్రం దాచొద్దు, చెక్క నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి సున్నపు గుల్ల మీద తెల్లటి పొడి పట్టి చెక్కడమంతా తినేస్తుంది.