సబ్‌వూఫర్ ఆంప్లిఫయర్ కట్టే ముందు: ఎండకు, కరెంటుకు జాగ్రత్తలు

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు మే నెలలో వేడి 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. అది తగ్గకముందే ఉరుములు, మెరుపులు మొదలవుతాయి. ఈ రోజుల్లో ఇంట్లో సబ్‌వూఫర్‌కు (బాస్ కోసం వేరుగా పెట్టే స్పీకరుకు) ఆంప్లిఫయర్ కట్టాలనుకుంటే టీడీఏ7294 అనే ఆంప్లిఫయర్ ఐసీ మంచిదే. సరిగ్గా వాడితే సుమారు 70 వాట్లు ఇస్తుంది, చిన్న గదికి అది చాలు. ఇది కాలిపోవడానికి పెద్ద కారణం పవర్ సప్లై లెక్క తప్పడమే. అందుకే ముందుగా ట్రాన్స్‌ఫార్మర్ సంగతి చూడాలి.

షాపులో చాలామంది 24-0-24 (మధ్య తీగకు అటూ ఇటూ 24 ఏసీ వోల్టులిచ్చేది) తీసుకుంటారు. దాన్ని డీసీ చేస్తే 230 వోల్టుల దగ్గర ఒక్కో వైపు 33 వోల్టులు వస్తాయి. పొలాల మోటార్లు ఆగినప్పుడు లైన్ 260కి ఎగబాకే ఊళ్లలో, లోడు లేని ట్రాన్స్‌ఫార్మర్ ఇంకో పది శాతం ఎక్కువిస్తే అది 41, 42 అవుతుంది. ఈ ఐసీ పని చేయడానికి హద్దు ప్లస్, మైనస్ 40 వోల్టులే. పైగా 4 ఓమ్‌ల స్పీకరుకు 33 వోల్టులు ఇస్తే ఐసీలో వేడిగా పోయేది 55 వాట్ల దాకా ఉంటుంది, 25 వోల్టుల దగ్గరైతే సుమారు 30 వాట్లే. కాబట్టి 4 ఓమ్‌లకు 18-0-18, 5 ఆంపియర్లది కొనండి. 24-0-24 ఇప్పటికే ఇంట్లో ఉంటే 8 ఓమ్‌ల స్పీకరే పెట్టండి, లైన్ ఎగబాకే ఊళ్లో స్టెబిలైజర్ లేకుండా వాడకండి.

ఫిల్టర్ కెపాసిటర్లు ఒక్కో వైపు 10,000 మైక్రోఫారడ్లు, 63 వోల్టులవి పెట్టండి. ఒక్కోదాని రెండు కాళ్ల మధ్య 2.2 కిలో ఓమ్‌ల, 1 వాట్ రెసిస్టరు తప్పకుండా వేయాలి. అది లేకపోతే ప్లగ్ తీసి చాలాసేపైనా ఛార్జి మిగిలే ఉంటుంది, స్క్రూడ్రైవర్ జారితే నిప్పు ఎగురుతుంది. రెసిస్టరు ఉన్నా రెండు నిమిషాలు ఆగి, మీటరుతో చూసి, అప్పుడే చేయి పెట్టండి. ప్రైమరీ వైపు ఫేజులో 1.5 ఆంపియర్ల స్లో-బ్లో ఫ్యూజు ఉండాలి. ఫ్యూజు పోతే తీగ ముక్క చుట్టి నడపొద్దు.

ఐసీ వెనక రేకు లోపల మైనస్ సప్లైకి కలిసి ఉంటుంది. కరెంటు పారనివ్వని మైకా రేకు, ప్లాస్టిక్ బుష్ లేకుండా హీట్‌సింక్‌కు బిగిస్తే ఆ వోల్టేజీ డబ్బా మొత్తానికి పాకుతుంది, డబ్బా ఎర్తయి ఉంటే నేరుగా షార్టే. బిగించాక మీటరు బీప్ పెట్టి రేకుకీ హీట్‌సింక్‌కీ మధ్య చూడండి. బీప్ రాకూడదు. హీట్‌సింక్ డబ్బా వెలుపల, రెక్కలు నిలువుగా ఉండేలా పెట్టాలి. రేకుల ఇంట్లో మూసిన చెక్క డబ్బా లోపల పెడితే ఐసీ 145 డిగ్రీలు చేరి తనంతట తానే మ్యూట్ అవుతుంది. పాట మధ్యలో ఆగి కాసేపటికి మళ్లీ వస్తుంటే కారణం చాలాసార్లు ఇదే.

క్రాసోవర్‌కు, అంటే బాస్‌ను మాత్రమే వేరుచేసి పంపే భాగానికి, ఒక టీఎల్072 (లోపల రెండు ఆప్‌ఆంప్‌లున్న ఐసీ) చాలు. ఎడమ, కుడి సిగ్నళ్లను నేరుగా కలపకుండా ఒక్కోదానికి 10 కిలో ఓమ్‌లు వేసి కలపండి. మొదటి సగం బఫర్, రెండో సగం ఫిల్టర్. వరుసగా రెండు 15 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు, రెండోదాని చివర ప్లస్ ఇన్‌పుట్ నుంచి గ్రౌండుకు ఒక 104 (0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్), రెసిస్టర్ల మధ్య బిందువు నుంచి అవుట్‌పుట్‌కు పక్కపక్కన రెండు 104లు. ఇలా వేస్తే 75 హెర్ట్జ్ దగ్గర కోత పడుతుంది. ఒంటి 104నూ జంటనూ తారుమారు చేస్తే కోత మొండిగా, కింది నుంచే జారుతూ మొదలై బాస్ పేలవంగా ఉంటుంది. సిరామిక్ బిళ్లలు వద్దు, వేడికి వాటి విలువ మారుతుంది. పాలియెస్టరువి వేయండి.

ఈ క్రాసోవర్‌కు సప్లై 7812, 7912 (ప్లస్, మైనస్ 12 వోల్టులిచ్చే రెగ్యులేటర్ ఐసీలు) నుంచే. టీఎల్072 హద్దు ప్లస్, మైనస్ 18 వోల్టులు. ఇక్కడ చాలామంది పొరపడేది కాళ్ల విషయంలో: 7812లో వరుస ఇన్, గ్రౌండ్, అవుట్. 7912లో గ్రౌండ్, ఇన్, అవుట్. దాని వెనక రేకు కూడా ఇన్‌పుట్‌కే కలిసి ఉంటుంది.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు స్పీకరు కలపకండి. ఎలక్ట్రీషియన్ల సిరీస్ బోర్డులో 100 వాట్ల ఫిలమెంట్ బల్బు పెట్టి దాని ద్వారా కరెంటు ఇవ్వండి. ఎల్‌ఈడీ బల్బు ఈ పనికి రాదు. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే సరే, వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్టు ఉంది, వెంటనే తీసేయండి. తర్వాత స్పీకరు పాయింట్ల మధ్య డీసీ 50 మిల్లీవోల్టుల లోపు ఉందో లేదో చూడాలి. ఐసీ చెడి 24 వోల్టుల డీసీ 4 ఓమ్‌ల కాయిల్‌లోకి వెళ్తే సుమారు 144 వాట్లు ఆగకుండా పోతాయి. కాయిల్ మాడిపోవడానికి క్షణాలు చాలు. డీసీ వస్తే స్పీకరును విడదీసే, రిలే ఉన్న ప్రొటెక్షన్ బోర్డు లేకుండా ఖరీదైన ఊఫర్ కలపవద్దు.

ఎర్తింగ్ సంగతి ఇంకా ముఖ్యం. ప్లగ్ బోర్డులో మూడో రంధ్రం ఉన్నా వెనక తీగ లేని ఇళ్లు చాలా ఉన్నాయి. మీటరుతో చూస్తే ఫేజుకూ ఎర్తుకూ మధ్య 230 దగ్గర, న్యూట్రలుకూ ఎర్తుకూ మధ్య కొద్ది వోల్టులే చూపాలి. ఎండాకాలంలో నేల ఆరి రెసిస్టెన్సు పెరుగుతుంది కాబట్టి, ఎర్తు గుంతలో అప్పుడప్పుడు నీళ్లు పోయించండి. సెట్‌టాప్ బాక్స్ కలిపినప్పుడు హమ్ (గుయ్‌మనే మోత) వస్తే మూడో పిన్ను విరవకండి, డబ్బాకు షాక్ వస్తే కాపాడేది అదే. టీవీ, బాక్సు, ఆంప్ మూడింటినీ ఒకే బోర్డు నుంచి నడపండి. ఆంప్ లోపలి గ్రౌండులన్నీ కెపాసిటర్ల మధ్య బిందువు ఒక్కచోటే కలవాలి. అయినా తగ్గకపోతే ఆడియో తీగలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవచ్చు.

ఉరుము వినపడగానే ప్లగ్‌తో పాటు డిష్ కేబుల్ కూడా విడదీయాలి. ఫ్యూజు పిడుగును ఆపలేదు. కరెంటు పోయినప్పుడు కూడా స్విచ్ ఆపి ఉంచండి. లైన్‌లో న్యూట్రల్ తెగితే ఇంట్లోకి 400 వోల్టుల దాకా రావచ్చు. తిరిగి వచ్చాక ముందు ఒక బల్బు వేసి, వెలుగు మామూలుగా ఉంటేనే ఆంప్ ఆన్ చేయండి.