మీ డొమైన్ మెయిల్ స్పామ్‌లో పడుతోందా? ముందు హెడర్ చూడండి

మెయిల్ చేరలేదనగానే డీఎన్ఎస్ ప్యానెల్ (డొమైన్ రికార్డులు ఉండే చోటు) తెరిచి, తోచిన రికార్డునల్లా మార్చేసే అలవాటు చాలామందికి ఉంది. అలా చేస్తే ఉన్న తప్పుకు ఇంకొకటి తోడవుతుంది. ముందు ఏదైనా జీమెయిల్ ఖాతాకు ఒక మెయిల్ పంపి, అక్కడ మూడు చుక్కల మెనూలో ‘షో ఒరిజినల్’ నొక్కండి. హెడర్, అంటే మెయిల్ వెంట వచ్చే సాంకేతిక వివరాలు తెరుచుకుంటాయి. ఎస్‌పీఎఫ్ (మీ డొమైన్ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపవచ్చో చెప్పే జాబితా), డీకిమ్ (మెయిల్‌పై డిజిటల్ సంతకం), డీమార్క్ (అవి ‘ఫ్రమ్’ డొమైన్‌తో కలవకపోతే ఏం చేయాలో చెప్పే పాలసీ)లలో ఏది పాసైందో, ఏది ఫెయిలైందో పైనే కనిపిస్తుంది.

సమస్య: ఎస్‌పీఎఫ్ ‘పెర్మ్ఎర్రర్’ (రికార్డులోనే తప్పు) అంటోంది, లేదా 550 5.7.26 కోడ్‌తో (పంపినవారి ధ్రువీకరణ కుదరలేదని) మెయిల్ తిరిగొస్తోంది

నా లెక్కలో మొదటి అనుమానితుడు రెండో ఎస్‌పీఎఫ్ రికార్డే. ఆఫీసు మెయిల్‌కు ఒకటి ఎప్పుడో పెట్టి ఉంటారు. తర్వాత బిల్లులు పంపే సర్వీసు ఏదో ‘ఈ టీఎక్స్‌టీ రికార్డు (డీఎన్ఎస్‌లో పాఠ్యం రాసే రికార్డు) చేర్చండి’ అంటే దాన్నీ పక్కనే పెడతారు. ఒక డొమైన్‌కు ఎస్‌పీఎఫ్ రికార్డు ఒక్కటే ఉండాలి. రెండు కనిపిస్తే అవతలి సర్వర్ రెండింటినీ పక్కన పెట్టేస్తుంది.

రెండింటినీ కలిపి ఒకే వరుసగా రాయండి: వెర్షన్ భాగం (v=spf1) మొదట ఒక్కసారి, తర్వాత రెండు సర్వీసుల ‘ఇన్‌క్లూడ్’లు (ఆ సర్వీసుల జాబితాలను కలిపే భాగాలు), చివర ‘ఆల్’ (మిగతా సర్వర్లన్నిటి సంగతి చెప్పేది) ఒక్కసారి. కలిపాక లెక్క చూసుకోండి. డీఎన్ఎస్‌ను అడగాల్సిన అంశాలు 10 దాటితే మళ్లీ పెర్మ్ఎర్రరే. ఇన్‌క్లూడ్ లోపలి ఇన్‌క్లూడ్‌లూ లెక్కలోకి వస్తాయి. నేరుగా రాసిన ఐపీ చిరునామాలు రావు. ఎప్పుడో మానేసిన సర్వీసులను ఈ సందర్భంలోనే తీసేయండి.

సమస్య: డీకిమ్ రికార్డు పెట్టాం, కానీ ఎక్కడా కనిపించడం లేదు

చాలా ప్యానెళ్లు పేరు చివర డొమైన్‌ను వాటంతటవే తగిలిస్తాయి. మీరూ పూర్తి పేరు రాస్తే డొమైన్ రెండుసార్లు పడుతుంది. పేరు గడిలో సెలెక్టర్ (మీ సర్వీసు ఇచ్చే గుర్తుపేరు), చుక్క, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే ‘డొమైన్‌కీ’ వరకే రాయండి. పేరు సరిగానే ఉంటే తాళంచెవి (కీ, అంటే సంతకాన్ని సరిచూసే పొడవైన అక్షరాల వరుస) తెగిందేమో చూడండి. టీఎక్స్‌టీలో ఒక్కో ముక్క 255 అక్షరాలు మించకూడదు. 2048 బిట్ల కీ అందులో పట్టదు. కొన్ని ప్యానెళ్లు దాన్ని ముక్కలు చేసుకుంటాయి, లేకపోతే మీరే విడివిడి కొటేషన్లలో పెట్టాలి.

సమస్య: ఎస్‌పీఎఫ్, డీకిమ్ రెండూ పాస్, డీమార్క్ మాత్రం ఫెయిల్

పంపే సర్వీసు తన సొంత డొమైన్‌తో సంతకం చేస్తోందన్నమాట. ‘ఫ్రమ్’లో ఉన్న డొమైన్‌తో ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో కనీసం ఒకటి కలవాలి. ఆ సర్వీసు సెట్టింగుల్లో మీ డొమైన్ డీకిమ్‌ను ఆన్ చేయండి. మెయిల్‌ను ఫార్వర్డ్ చేస్తే ఎస్‌పీఎఫ్ సాధారణంగా ఫెయిలవుతుంది కాబట్టి డీకిమ్‌నే నమ్ముకోవడం మేలు. డీమార్క్ పాలసీని మొదట ‘నన్’ (ఏ చర్యా వద్దు)లో ఉంచి రిపోర్టులు చూడండి. మొదటి రోజే ‘రిజెక్ట్’ (తిరస్కరించు) పెడితే మీ బిల్లులే మీ కస్టమర్లకు చేరకపోవచ్చు.

సమస్య: మూడూ పాసైనా సొంత సర్వర్ మెయిల్ తిరస్కారమవుతోంది

పీటీఆర్ రికార్డు (ఐపీ చిరునామాకు ఏ పేరో చెప్పేది) చూడండి. ఐపీ నుంచి వచ్చిన పేరు, మళ్లీ అదే ఐపీకి తిరిగి రావాలి. దీని కోసం మీ డొమైన్ ప్యానెల్‌లో వెతికి లాభం లేదు. ఐపీ ఇచ్చిన హోస్టింగ్ సంస్థనే అడగాలి.